కొసరు వ్యాసాల వసంత పిన్ని

మా వసంత పిన్ని ఇక లేదన్న వార్త నాకు మొదట చెప్పినది రామయ్యపట్నం నూకరత్నం. ఏకాదశి ఉదయం. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి, గబగబ నాలుగు చెంబులు పోసుకుని, దేవుడి దగ్గర దీపం వెలిగించి, పిన్ని కోసం జావ ఫ్లాస్కులో పోస్తూ ఉండగా ఫోను మోగింది. "అక్కా, బేగి రా. పిన్నమ్మ ఎలిపోనాది," అంది. ఫ్లాస్కు మూత నా చేతిలోనే ఉండిపోయింది. ఆ అశనిపాతానికి నా హృదయంలో ముందుగా కదిలినది దుఃఖమని వ్రాయాలని ఎంతో ఉంది. కాని పిన్ని దగ్గర అక్షరాలు దిద్దుకున్నదాన్ని కనుక అబద్ధం వ్రాయలేను. ముందుగా కదిలినది అసూయ. నలభై ఏళ్లుగా ఆమె నీడలో మెలగిన నన్ను కాదని, ఎనిమిది నెలల కిందట మా గుమ్మం ఎక్కిన పిల్ల చేతిలో చెయ్యి పెట్టి వెళ్లిపోయిందే అన్న అసూయ. దుఃఖం దాని వెనకనే వచ్చింది. అది ఇంకా వెళ్లలేదు.

శ్రీమతి వసంతలక్ష్మి గారంటే మన ఒడిశా బరంపురంలో రెండు తరాల ఆడపిల్లలకు ఇంగ్లీషు టీచరు. నాకు మాత్రం మా అమ్మ సొంత చెల్లెలు. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని అక్క ఇంటికి, అంటే మా ఇంటికి వచ్చి, ముందరి గదిలోనే జీవితమంతా గడిపిన మనిషి. నాకు ఏడేళ్లప్పుడు కీళ్లజ్వరం వచ్చింది. బడి మెట్లు ఎక్కితే గుండెకు మంచిది కాదని వైద్యులు చెప్పడంతో నా చదువు అక్కడితో ఆగిపోవలసినది. ఆగలేదు. పిన్ని రోజంతా బడిలో గొంతు చించుకుని, సాయంత్రం ఇంటికి వచ్చి చీరైనా మార్చుకోకుండా నా మంచం పక్కన కూర్చునేది. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, అమరంలో నాలుగు శ్లోకాలు. నేనీనాడు ఈ నాలుగు వాక్యాలు వ్రాయగలుగుతున్నానంటే అది ఆ తల్లి ప్రసాదం. ఏ పరీక్షా వ్రాయలేదు, ఏ పట్టా లేదు. అయినా భగవంతుడు నాకు బడి ఇవ్వకపోయినా బడినే ఇంటికి పంపాడని నిత్యం దండం పెట్టుకుంటాను.

ఉద్యోగ విరమణ తరువాత పిన్ని పట్టుకున్న పని, పిల్లలచేత దరఖాస్తు వ్యాసాలు వ్రాయించడం, ఈ ఊరికి కొత్తది. ఢిల్లీ వైపు, బెంగళూరు వైపు కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. వాళ్లకు మార్కులు ఒక్కటీ చాలవు. దరఖాస్తులో ఒక పెద్ద వ్యాసం అడుగుతారు. అది చాలదన్నట్టు దాని కింద చిన్న చిన్న ప్రశ్నలు ఉంటాయి. మా విశ్వవిద్యాలయమే ఎందుకు? మీరు మనసు మార్చుకున్న సందర్భం ఏది? ఒక్కొక్కదానికి నూట యాభై మాటలో, రెండువందల యాభై మాటలో జవాబు వ్రాయాలి. అంతకు ఒక్క మాట మించినా ఫారం మింగదు. ఈ చిన్న ప్రశ్నలకు పిన్ని "కొసరు" అని పేరు పెట్టింది. మా తాతగారిది ఆవాలు, ధనియాలు అమ్మే టోకు కొట్టు. సరుకు తూచిన తరువాత చేత్తో పైన చిటికెడు వేసేదే కొసరు కదా. "మార్కులు తక్కెడ్లో పడ్డ సరుకు. అది అందరికీ ఒకేలాగ తూగుతాది. కొట్టోడి సెయ్యి ఎలాంటిదో కొసరు కాడ తెలుస్తాది," అనేది. పిల్లలు ఆ మాటను నేర్చేసుకుని, "మేడం, నాకు రెండు కొసర్లు మిగిలాయి," అంటూ వచ్చేవారు.

ఆ ముందరి గదిలో నాకూ ఒక ఉద్యోగం ఉండేది. మాటలు లెక్కపెట్టడం. కంప్యూటరు లెక్కపెడుతుందని పిల్లలు నవ్వేవారు. కాని పిన్ని కాగితం మీదే వ్రాయించేది, పెన్సిలుతో పదికొక చుక్క పెడుతూ నేనే లెక్క చెప్పేదాన్ని. "పూర్ణా, ఎన్నొచ్చినాయే?" అన్న ఆమె పిలుపు నాకు ఏ పట్టాకూ తీసిపోనిది.

ఆమె పద్ధతి వింతగా ఉండేది. ముందు కలం ముట్టుకోనిచ్చేది కాదు. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి, "సెప్పు," అనేది. పిల్ల ఏవో పెద్ద మాటలు చెప్పేది. సమాజసేవ, నాయకత్వం, ఉజ్జ్వల భవిష్యత్తు. పిన్ని వింటూ ఊరుకునేది. ఆ మాటలన్నీ అయిపోయి, చెప్పడానికి ఏమీ మిగలక, పిల్ల కాస్త ఇబ్బందిగా కదిలి "ఏటంటే మేడం..." అనేది చూడండి, అప్పుడు పిన్ని ముందుకు వంగేది. "ఆఁ, ఇప్పుడు కలం తియ్యి. 'ఏటంటే'కి ముందరిదంతా నిన్ను సూసి నవ్వకుండా ఉండాలని సెప్పినావు. ఇప్పుడు సెప్పబోయేదే నీది." ఎన్ని వందల వ్యాసాలు ఆ చిన్న మాట దగ్గర మొదలయ్యాయో!

ఒకసారి ఒక కుర్రవాడు "మా విశ్వవిద్యాలయమే ఎందుకు" అన్న ప్రశ్నకు జవాబు తెచ్చాడు. ప్రపంచస్థాయి అధ్యాపకులు, సువిశాల గ్రంథాలయం, పచ్చని ఆవరణ. పిన్ని చదివి, "బాబూ, ఇందులో ఊరు పేరు తీసీసి ఇంకో ఊరు పేరు ఎడితే ఏటవుతాది?" అంది. "ఏటీ అవదు మేడం. అందుకే అలా రాశాను, అయిదింటికీ పనికొస్తాది," అన్నాడు గర్వంగా. "అంటే అయిదిళ్లకి పెళ్లిసూపులకెళ్లి, అయిదిళ్లలోనూ మీ అమ్మాయి సక్కగున్నాది, మీ ఉప్మా బాగున్నాది అనీసి వత్తావన్నమాట. ఏ ఇంటోళ్లు పిల్లనిత్తార్రా నీకు?" గది గొల్లుమంది. ఆ కుర్రవాడు మరునాడు ఆ విశ్వవిద్యాలయంలో చెప్పే పాఠాల జాబితా మొత్తం చదివి, పాత నాణేల గురించి ఒక పాఠం ఉందని కనిపెట్టి, తాను గంజాం రేవు దగ్గర ఏరుకున్న చిల్లి కాణీ కథతో వచ్చాడు. అప్పుడది ఆ ఒక్క ఊరికే పనికివచ్చే జవాబయింది.

మన వాళ్లందరూ చేసే తప్పు మరొకటి ఉంది. "మీ కమ్యూనిటీ గురించి వ్రాయండి" అని ఒక ప్రశ్న. బరంపురంలో కమ్యూనిటీ అంటే ఇంకేముంది? ఒక ఏడాది నలుగురు పిల్లలు నాలుగు కులాల చరిత్రలు వ్రాసుకుని వచ్చారు. ఒకమ్మాయి తల్లి కుల ధ్రువపత్రం నకలు కూడా సంచిలో పెట్టుకుని వచ్చింది. "దీన్ని ఎక్కడ అంటించాలి టీచరమ్మా?" అంది. పిన్ని నవ్వు ఆపుకుని, "అమ్మా, అది జాగర్తగా బీరువాలో ఎట్టుకో. ఆళ్లడిగేది నీ కూతురు ఎవురికోసం పరిగెడతాదో, దీని కోసం ఎవురు పరిగెడతారో సెప్పమని," అని, పిల్ల వైపు తిరిగింది. పిల్ల చాలాసేపు గోళ్లు గిల్లుకుని, "ఏటంటే మేడం, మా సందులో మేడలన్నీ ఒకదానికొకటి ఆనుకునుంటాయి. సీకటి పడ్డాక మమ్మల్ని కిందికి ఎల్లనివ్వరు. అందుకని మేడల మీంచే అయిదుగురం పుస్తకాలు మార్చుకుంటాం. నా ఫిజిక్సు గైడు ఆఖరి మేడ కాడికి ఎల్లి తిరిగొచ్చేసరికి వారం పడతాది," అంది. తల్లి నోరు తెరిచి చూసింది. "మేడ మీద బట్టలు తియ్యడానికి ఇంతసేపా అని నాను అడగనేదా రోజూ?" అని. పిన్ని ఆ తల్లిని చూసి, "ఇప్పుడు అడక్కు. రాయనీ," అంది.

తన చేతితో ఒక్క వాక్యం కూడా ఎవరికీ వ్రాసి ఇవ్వకపోవడం ఆమె వ్రతం. దగ్గరి చుట్టం, పట్టుబట్టల షావుకారు, కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, "వసంతా, నీకు నిమిషం పని. నువ్వే రాసీ, మా ఓడు కాపీ సేసుకుంటాడు," అన్నాడు. "నాను రాత్తే సీటు నాకిమ్మని సెప్పు బావా. ఈ వయసులో హాస్టలుకెల్లి కూకుంటాను. మీ కొట్లోంచి రెండు మంచి దుప్పట్లు పంపించు," అంది. ఆయన అలిగి లేచిపోయాడు. కొడుకు లేవలేదు. ఆ అబ్బాయి నెల రోజులు కూర్చుని తానే వ్రాసుకున్నాడు. సీటు రాలేదు. అయినా ఆ వ్యాసాన్ని పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాడని విన్నాను. పిన్ని దగ్గర వ్రాసుకున్న పిల్లలకు వచ్చిన సీట్లు కొన్ని, రానివి ఎక్కువ. వచ్చినవాళ్ల ఫోటోలు ఆమె ఎన్నడూ గోడకు తగిలించలేదు.

ఇంతటి మనిషిని నేను పదిమందితో పంచుకున్నాను. పైకి సంతోషంగానే పంచుకున్నాను. పిల్లలు సంవత్సరానికొక గుంపు వస్తారు, వెళ్తారు, నేను ఉంటాను అన్న ధీమా నాది. నూకరత్నం వచ్చిన రోజు ఆ ధీమా కదిలింది.

రామయ్యపట్నంలో వాళ్లది సముద్రం మీద బతికే కుటుంబం. తండ్రి ఏడాదిలో ఎక్కువ రోజులు పడమటి తీరంలో ఎవరి పడవల మీదో పనికి వెళ్తాడు. తల్లి చేపలు అమ్ముతుంది. పిల్ల ఒడియా బడిలో చదివి, ఇంటి తెలుగు మాట్లాడుతూ, ఇంగ్లీషును పళ్ల బిగువున నేర్చుకుంది. బస్సు దిగి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, తడి కాళ్లతో నిలబడింది. తెచ్చిన వ్యాసాన్ని పిన్ని పైకి చదివింది. సముద్రం ఘోషిస్తోంది, మా గుడిసె కన్నీరు కారుస్తోంది, అని ఇంగ్లీషులో.

"మీది గుడిసా?"

"కాదు టీచరమ్మా. డాబా. గవర్నమెంటు ఇల్లు."

"మరి దాన్నెందుకే ఏడిపించినావు?"

"అలాగ రాత్తే సీటిత్తారని మా సారు సెప్పినారు."

"జాలిపడ్డోళ్లు అన్నం ఎడతారు గాని పక్కన కూకోబెట్టుకోరు. నీకు బాగా తెలిసి నాకు తెలీంది ఒకటి సెప్పు." ప్రశ్నపత్రంలో ఉన్న కొసరు కూడా సరిగ్గా అదే. మీకు తెలిసి మాకు తెలియని సంగతి ఒకటి, రెండువందల యాభై మాటలకు మించకుండా.

పిల్ల కిటికీలోంచి చూసింది, కాలి వేళ్లు చూసుకుంది, నన్ను చూసింది. "ఏటంటే టీచరమ్మా, సేపకి మూడు పేర్లుంటాయి. ఇంటికాడ సావడ అంటాం. బజార్లోకి ఎల్తే ఒడియాలో రూపాపాటియా. కంపినీ పెట్టె మీద రిబ్బన్ ఫిష్. మా అమ్మకి మొదటి పేరే తెలుసు. మిగతా రెండూ నానే సెప్పాల."

పిన్ని ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు నాకు తెలుసు. నా ఏడో ఏట మంచం మీద మొదటి వాక్యం తప్పు లేకుండా చదివినప్పుడు చూశాను. మళ్లీ చూడలేదు. నా వైపు చూడకుండానే, "పూర్ణా, దీనికి టీ ఎట్టే," అంది. ఆ రోజు నేను పెట్టిన టీలో పంచదార మరిచిపోయానని తరువాత తెలిసింది. మరిచిపోయానో, మానేశానో నాకే తెలియదు.

అప్పటినుంచి ఆ పిల్ల ఆదివారం ఆదివారం వచ్చేది. మూడో వారానికి "టీచరమ్మ" పోయి "పిన్నమ్మ" అయింది. నేను పిన్నీ అని పిలవడం విని పట్టేసింది. ఈ లోకంలో ఆమెను ఆ పిలుపుతో పిలిచే హక్కు నా ఒక్కదానిదే. అమ్మకు మరో చెల్లెలు లేదు, పిన్నికి మరో అక్క లేదు. నేను పిన్నమ్మకు కూతురిలాంటిదాన్నని వరస కలిపి నన్ను "అక్కా" అనడం మొదలుపెట్టింది. దాని వయసుకు నేను అమ్మను కావలసినదాన్ని. నేను పలికేదాన్ని కాదు. అది మళ్లీ పిలిచేది. పిన్ని దాని మాటలకు పకపక నవ్వేది. నాకు పాఠాలు చెప్పినన్నాళ్లూ పిన్ని నవ్వగా ఎరుగను. వ్యాకరణం, వర్ణక్రమం, చేతివ్రాత, అన్నీ కొలిచి పెట్టింది. నాకు దక్కినది తూకం. దానికి కొసరు దక్కింది.

ఉండబట్టలేక నేనూ ఒకటి వ్రాశాను. దరఖాస్తుల్లో "మిమ్మల్ని తీర్చిదిద్దిన వ్యక్తి" అని ఒక ప్రశ్న ఉంటుంది. పిన్ని గురించి సరిగ్గా రెండువందల యాభై మాటలు, తెలుగులో. జ్ఞానజ్యోతి, త్యాగమూర్తి, కరుణాసింధువు, ఏమీ తక్కువ చేయలేదు. పిన్ని పక్కమీద పెట్టి వచ్చాను. సాయంత్రం పిలిచి, "దండలు బాగున్నాయే పూర్ణా. మెడేది?" అంది. నాకు అర్థం కాలేదు. "నలభై ఏళ్లు నాతో ఉన్నావు. ఒక్కసారీ నా మీద కోపం రానేదా నీకు? ఇందులో నువ్వెక్కడున్నావు?" కృతజ్ఞత చెప్పుకోవడం కూడా తప్పేనా అని ఆ రోజంతా ఏడ్చాను. కాగితం మడిచి లలితా సహస్రనామం పుస్తకంలో దాచాను. ఆ ఆదివారం నూకరత్నం చిత్తుప్రతి పదమూడోసారి దిద్దుతూ, "ఇదీ! ఇదీ!" అని పిన్ని బల్ల చరచడం వంటింట్లోంచి విన్నాను.

ఇక చెప్పవలసినది చెప్తాను.

పిన్నికి ఊపిరి అందక నర్సింగ్ హోములో చేర్చాం. నూకరత్నం దరఖాస్తుకు గడువు నాలుగు రోజులు ఉంది. మిగతావన్నీ అయిపోయాయి, చేప గురించిన ఆ కొసరు ఒక్కటే పిన్ని ఆఖరిసారి వినవలసి ఉంది. మొదటి రోజు అది కాగితం పట్టుకుని వచ్చింది. "పిన్ని పడుకుంది," అని తలుపు దగ్గరే చెప్పాను. నిజమే, పడుకుంది. రెండో రోజు మళ్లీ వచ్చింది. "పడుకుంది," అన్నాను. పడుకోలేదు. దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. పిల్ల వెళ్లిపోయింది. మధ్యాహ్నం పిన్ని కళ్లు తెరిచి, "నూకాలు రానేదా?" అని అడిగింది. "రాలేదు పిన్నీ," అన్నాను.

ఆ సాయంత్రం దీపం ముందు కూర్చుంటే ముప్పై ఏళ్లుగా నోటికి వచ్చిన నామాలు నడిమధ్యలో తెగిపోయాయి. పుస్తకం తీద్దామంటే అందులో ఆ కాగితం ఉందని గుర్తొచ్చి చెయ్యి వెళ్లలేదు. లేచి రామయ్యపట్నానికి ఫోను చేశాను. "రేపు రా," అన్నాను. ఎందుకో చెప్పలేదు.

మూడో రోజు మొదటి బస్సుకు వచ్చేసింది. మంచం పక్కన కూర్చుని ఇంగ్లీషులో చదువుతూ, మధ్యమధ్య తెలుగులో చెప్పింది. బజారులో ఒడియా వర్తకుడు చేప చూసి ముక్కు మూసుకున్నాడట. తల్లి ఏదో అందట. తాను ఆమె మాటను అతనికి ఒడియాలో ఉన్నదున్నట్టు చేరవేసిందట. పిన్ని చెయ్యి ఎత్తింది.

"మీ అమ్మ ఏటన్నాదే నిజంగా?"

పిల్ల నవ్వింది. "కుళ్లింది నీ ముక్కురా, నా సేప కాదు, అన్నాది."

"అదే సెప్పినావా ఆడికి?"

"ఏటంటే పిన్నమ్మా... మా అమ్మ దండాలు సెప్తోంది, ఇంకోపాలి సూడమంటోంది, అని సెప్పినాను."

"ఎవురికోసం మార్చినావు?"

"ఇద్దరికోసం. అమ్మకి సేప అమ్ముడవ్వాల. ఆడికి మరియాద దక్కాల."

"నీకోసం కాదా?"

అది కాగితం మడత విప్పి మళ్లీ మడిచింది. "నాకోసం కూడా. ఇద్దరూ దెబ్బలాడితే నాకు బయమేసీది."

"ఉన్నదున్నట్టు సెప్పినానన్న మాట కొట్టీ. ఇది రాయి. బయం కూడా రాయి. ఎల్లు, రేపు పట్రా."

జావ ఫ్లాస్కు పట్టుకుని నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. మధ్యన నిలబడి మాట మార్చినది ఆ పిల్ల ఒక్కర్తేనా? అది గుమ్మం దాటగానే పిన్ని దగ్గర కూర్చుని చెప్పేశాను. రెండు రోజులూ వచ్చింది పిన్నీ, నేనే పంపేశాను, అని. ఓదారుస్తుందనుకున్నాను, అది దాచను. పిన్ని నన్ను అలాగే చూసింది. ఆ చూపు ఇంట్లో మార్కుల కార్డులు చూస్తూ దొంగ సంతకం పట్టుకున్నప్పటి చూపు.

"ఆ రెండు రోజులు నావా? దానివి. నాకెందుకు సెప్తావు? దానికి సెప్పు."

గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తరువాత మంచినీళ్లకు సైగ చేసింది. అంతే. పిన్ని నాతో ఆడిన ఆఖరు మాటలు అవే.

మర్నాడు ఏకాదశి. పిల్ల కొత్తగా వ్రాసిన కాగితంతో తెల్లవారేసరికి వచ్చింది. దాన్ని పక్కన ఉంచి నేను స్నానానికి ఇంటికి వెళ్లాను. తరువాత జరిగినది దాని నోటినుంచే తెలిసింది. చదివింది. పిన్ని కళ్లు మూసుకుని విని, "ఎన్నొచ్చినాయే?" అంది. "రెండొందల నలబై ఏడు పిన్నమ్మా." పిన్ని "భల" అంది. బాగుంది అని ఒడియాలో. దాని చెయ్యి పట్టుకుని మరి వదలలేదు. లెక్క అడిగితే నన్నే కదా అడగాలి! ఆ "భల" నా చెవిన పడవలసినది కదా!

మధ్యాహ్నం మగవాళ్లు పిన్నిని తీసుకుని వెళ్లారు. ఆడవాళ్లం ఇంట్లో మిగిలాం. అరుగు చివర నూకరత్నం కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ రోజుతో గడువు ఆఖరు. దాని ఫోనులో ఆ ఫారం తెరుచుకోదు. "పంపవా?" అంటే, "పిన్నమ్మే నేనప్పుడు ఎందుకక్కా ఇది," అని తల తిప్పుకుంది. నేను చెప్పులు వేసుకున్నాను. అమ్మ చూసింది.

"మైలతో ఎక్కడికే పూర్ణా? సెల్లెలు బూడిదైనా అవనేదు, నెట్టు సెంటరుకా?"

"పిన్ని పనే అమ్మా. ఒక్కటి మిగిలిపోయింది."

అమ్మ ఇంకేదో అనబోయి, కొంగు నోట్లో కుక్కుకుంది. నేను పిల్ల చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను.

నెట్టు సెంటరులో అది టైపు చేయడం అయ్యాక, ఆ కాగితం తీసుకుని పక్క బల్ల దగ్గర కూర్చుని, అలవాటుకొద్దీ పదికొక చుక్క పెట్టాను. రెండువందల నలభై ఏడే. పంపే ముందు దాని చెయ్యి పట్టుకుని ఆపాను. "నూకాలూ, రెండో రోజు పిన్ని పడుకోలేదు. మెలకువగానే ఉంది," అన్నాను.

అది తెర మీదనుంచి చూపు తిప్పలేదు. "తెలుసక్కా. దగ్గు వినబడింది తలుపు ఎనకాల." "ఎందుకక్కా?" అంది.

సంస్కృతం ఏదీ తోచలేదు. "కుళ్లు," అన్నాను.

అది ఫరవాలేదనలేదు. మెల్లిగా, "నాకూ ఉండీది," అంది. "మీకు సిన్నప్పటినుంచి రోజూ పిన్నమ్మే. నాకు ఆదివారం ఒక్కటీ. అది కూడా బస్సు టైముకి లెగిసిపోవాల. ఆ కాగితాల మీద మీరు ఎట్టిన సుక్కలు సూసి, నాను కూడా ఈ ఇంట్లో పుట్టుంటే అనుకునీదాన్ని." ఆ మాట అని మీట నొక్కింది. తెర మీద గుండ్రంగా ఏదో తిరిగి తిరిగి, చివరికి అందినట్టు చూపించింది. ఇద్దరం అక్కడే ఏడ్చాం. సెంటరు అబ్బాయి మార్కులు తక్కువొచ్చాయేమో అనుకుని ఫ్యాను వేశాడు.

వసంత పిన్ని వంటి గురువు మన ఊరికి మళ్లీ రాదు. వ్యాసాలు దిద్దేవారు ఇప్పుడు ఎందరో ఉన్నారు, ఫోనులో కూడా దొరుకుతారు. కాని ఒక పిల్ల తన నోటితో తన నిజం చెప్పేదాకా, ఎదురుగా కూర్చుని, ఏమీ అనకుండా, గంటల తరబడి కాచుకునే ఓర్పు ఎవరికి ఉంది? ఆ కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చోవడానికి నాకు అర్హత లేదు, ఎవరైనా కూర్చుంటే చూడడానికి మనసూ లేదు. ఆ పుణ్యమూర్తి పాదాలకు నా శతకోటి ప్రణామాలు. అక్షరం ఇచ్చినందుకు, చివరిదాకా నన్ను క్షమించనందుకు కూడా. క్షమించి ఉంటే నేను నెట్టు సెంటరుకు వెళ్లేదాన్ని కాదు.

ఈ పత్రిక చదివేవారిలో ఆమె చేతి కింద చదివినవారు చాలామంది ఉంటారు. ఆమెను తలుచుకోమని మిమ్మల్ని అడగనక్కరలేదు, తలుచుకుంటారు. నేను అడిగేది వేరొకరి కోసం. విశ్వవిద్యాలయం నుంచి జవాబు ఇంకా రాలేదు. రోజూ దేవుడి ముందు ఆ పిల్ల పేరు చెప్తున్నాను. పేరు దగ్గరకు వచ్చేసరికి నా మనసు ఇప్పటికీ అర క్షణం వెనకాడుతోంది. ఆ అర క్షణం భగవంతుడికి కనపడకుండా ఉండదు. అందుచేత, ఆ పిల్ల మీద ఏ కుళ్లూ లేని మీరు, ఈ సాయంత్రం దీపం పెట్టేటప్పుడు, రామయ్యపట్నం నూకరత్నాన్ని ఒక్కసారి తలుచుకోండి.